దెయ్యాల కోటలో బయటికి దారి



ఊళ్లోకి ఎగ్జిబిషన్ వస్తే జెయింట్ వీల్ పక్కన ఒక డేరా కనిపిస్తుంది. దాని గుడ్డ మీద కోరలు, పుర్రెలు, ఎర్రటి కళ్లు గీసి ఉంటాయి. పైన 'భూత్ బంగ్లా' అని బోర్డు ఉంటుంది. మనం టికెట్టు కొని లోపలికి వెళ్తాం. చీకట్లో ఏదో చెయ్యి తగులుతుంది. ఎవరో వికటంగా నవ్వుతారు. ఒక అస్థిపంజరం ఊగుతూ మీదికి వస్తుంది. గట్టిగా కేకలు పెడతాం. అయిదు నిమిషాల తరువాత బయటికి వచ్చి ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వుకుంటాం.

లోపలికి వెళ్లినవారిని బయటికి రానివ్వని మాయా ఉద్యానవనాల కథలు కూడా మీరు చదివే ఉంటారు. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు కోట అటువంటిదే. బాలనాగమ్మ అక్కడ బందీ అయింది. ఆమెను వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు రాళ్లైపోయారు. కథ వింటున్నప్పుడు మనకు ఒళ్లు జలదరిస్తుంది.

ఈ పాఠంలో మనం ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. ఒకే చీకటి ఒకచోట నవ్వు పుట్టిస్తుంది, మరొకచోట ప్రాణం తీస్తుంది. ఎందుకు? చరిత్రలో మనుషులను నిజంగా బంధించింది దెయ్యమా, లేక మరొకటా?

రైల్వే ఊరు, దెయ్యం స్టేషను

జవాబు వెతకడానికి మనం ఖరగ్‌పూర్ నుంచి బయలుదేరదాం. పశ్చిమ బెంగాల్‌లోని ఈ ఊరు రైల్వే వల్ల పెరిగింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పనికి వచ్చి స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1920లలో ఈ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించారు. నేటికీ ఇక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు మాట వినిపిస్తుంది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్ ఒక డివిజన్ కేంద్రం.

అదే ఆగ్నేయ రైల్వేలో, పురూలియా జిల్లాలో, బేగున్‌కోదర్ అనే చిన్న స్టేషను ఉంది. 1960లో తెరిచారు. 1967లో మూసేశారు. పట్టాల మీద తెల్లచీర కట్టుకున్న ఒక స్త్రీ ఆకారాన్ని అక్కడి స్టేషను మాస్టరు చూశాడన్న మాట ఊరంతా పాకింది. అక్కడ పనిచేయడానికి ఎవరూ ముందుకు రాలేదని చెప్పుకుంటారు. స్టేషను మళ్లీ తెరుచుకునేసరికి 2009 వచ్చింది. అంటే 42 ఏళ్లు!

ఈ 42 ఏళ్లలో నష్టపోయింది ఎవరు? దెయ్యం కాదు కదా! రైలు తమ ఊరి మీదుగానే పోతున్నా ఎక్కలేకపోయిన పల్లె ప్రజలు. సంతకు, ఆసుపత్రికి, కాలేజీకి వెళ్లవలసినవారు. ఇక్కడ తలుపు మూసింది పుకారు. 2017 చివరలో హేతువాదుల బృందం ఒకటి ఆ స్టేషనులో రాత్రంతా గడిపింది. వింత శబ్దాలు వచ్చిన వైపు టార్చి వేసి చూస్తే పొదల చాటున మనుషులు కనిపించారు, దెయ్యం కనిపించలేదు. దెయ్యాన్ని చూద్దామని సరదాపడి వచ్చే పర్యాటకులు ఉన్నప్పుడు, భయపెట్టేవాళ్లు కూడా తయారవుతారు మరి!

లాంతరు వెనక్కి, దెయ్యం ముందుకి

భయాన్ని టికెట్టు పెట్టి అమ్మడం కొత్త విషయం కాదు. 1659లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ మాయాలాంతరును రూపొందించాడు. గాజుపలక మీద గీసిన బొమ్మను దీపంతో, కటకంతో గోడ మీదికి పంపే సాధనం అది. మన సినిమా ప్రొజెక్టరుకు తాత అనుకోండి.

1798లో ఎటియెన్ గాస్పార్ రాబర్ట్‌సన్ అనే బెల్జియం దేశస్థుడు ఈ లాంతరుతో పారిస్ నగరాన్ని వణికించాడు. ఆయన భౌతికశాస్త్రం తెలిసినవాడు. కొంతకాలానికి తన ప్రదర్శనను పాడుబడ్డ ఒక క్రైస్తవ మఠంలోకి మార్చాడు. ప్రేక్షకులు మసక వెలుతురు నడవల గుండా నడిచి చీకటి గదిలోకి రావాలి. గాజు పాత్రల అంచులను తడివేళ్లతో రుద్దితే వచ్చే సన్నని సంగీతం వినిపిస్తుంది. ఉన్నట్టుండి గాలిలో ఒక ఆకారం పుడుతుంది, పెరిగి పెరిగి మీదికి వస్తుంది.

ఇందులో కిటుకు ఏమిటి? బొమ్మ చుట్టూ ఉన్న గాజుకు నల్లరంగు పూశాడు. కాబట్టి తెర మీద ఆకారం ఒక్కటే పడుతుంది, దాని చుట్టూ వెలుతురు చట్రం ఉండదు. లాంతరును తెర వెనుక, చక్రాల బండి మీద పెట్టాడు. ఆ బండిని తెరకు దూరంగా లాగుతూ పోతే బొమ్మ పెద్దదవుతుంది. చీకట్లో దూరాన్ని కొలుచుకోవడానికి మన కంటికి మరో ఆధారం లేదు. పెద్దదవుతున్న వస్తువు దగ్గరికి వస్తోందని మెదడు తీర్మానిస్తుంది. గమనించారా? లాంతరు వెనక్కి వెళ్తోంది, దెయ్యం ముందుకి వస్తోంది! తాను మాంత్రికుణ్ణి కాననీ, మూఢనమ్మకాలను పోగొట్టడమే తన ఉద్దేశమనీ రాబర్ట్‌సన్ చెప్పుకునేవాడు. అయినా జనం భయపడుతూనే వచ్చేవారు.

రైలు కిటికీలో దెయ్యం

ఇక రెండో కిటుకు. రాత్రివేళ ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లే రైల్లో ఏసీ పెట్టెలో కూర్చున్నారనుకోండి. కిటికీ అద్దంలోకి చూస్తే బయట చీకట్లో మీ ముఖమే తేలుతూ మీతోపాటు ప్రయాణం చేస్తుంది. పగలు అలా కనిపించదు. కారణం తేలికే. గాజుపలక తన మీద పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని పోనిచ్చి, కొద్ది భాగాన్ని వెనక్కి తిప్పుతుంది. పగటివేళ బయటి వెలుతురు ముందు ఆ కొద్ది కాంతి ఓడిపోతుంది. రాత్రి బయట చీకటి కాబట్టి అదే గెలుస్తుంది.

ఈ సూత్రాన్నే హెన్రీ డర్క్స్ అనే ఆంగ్ల ఇంజనీరు నాటకాల కోసం ఆలోచించాడు. జాన్ హెన్రీ పెప్పర్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని రంగస్థలానికి అనువుగా మార్చి, 1862 డిసెంబరు 24న లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థలో ప్రదర్శించాడు. వేదిక ముందు ఒక పెద్ద గాజుపలకను వాలుగా నిలబెట్టారు. కింద ఒక గుంటలో, ప్రేక్షకులకు కనిపించకుండా, నల్లని గుడ్డల మధ్య ఒక నటుడు నిలబడ్డాడు. అతని మీద ప్రకాశవంతమైన కాంతి వేయగానే అతని ప్రతిబింబం వేదిక మీద పుట్టింది. కాంతి తగ్గించగానే మాయమైంది. వేదిక మీది నటుడు కత్తి దూస్తే అది దెయ్యం శరీరంలోంచి దూసుకుపోయింది. దీనికే 'పెప్పర్ దెయ్యం' అని పేరు. 1969లో అమెరికాలోని డిస్నీలాండ్‌లో ప్రారంభమైన హాంటెడ్ మాన్షన్‌లో నాట్యం చేసే దెయ్యాలు కూడా ఈ జాతివే. టీవీలో వార్తలు చదివేవారి కళ్లముందు అక్షరాలు నడిపించే టెలిప్రాంప్టర్ కూడా ఇదే కుటుంబానిది.

నిజమైన భయం ఎక్కడ మొదలైంది?

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఈ కిటుకులన్నీ అమ్యూజ్‌మెంట్ పార్కుల్లో చేరాయి. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లోని డ్రీమ్‌లాండ్ పార్కులో 'హెల్ గేట్', అంటే నరక ద్వారం, అనే ఆట ఉండేది. పడవలో కూర్చుంటే సుడిగుండంలోంచి పాతాళానికి తీసుకుపోయినట్లు ఉండేది. 1911 మే 27న తెల్లవారుజామున, పార్కు ఆ సీజనుకు సిద్ధమవుతుండగా, మరమ్మతు పనుల మధ్య సరిగ్గా ఆ నరక ద్వారంలోనే నిప్పు అంటుకుంది. పార్కంతా బూడిదైంది. సందర్శకులు లేని వేళ కాబట్టి మనుషుల ప్రాణాలు పోలేదు.

అన్నిచోట్లా అంత అదృష్టం లేదు. 1979 జూన్ 9న ఆస్ట్రేలియాలోని సిడ్నీ లూనా పార్కులో 'ఘోస్ట్ ట్రైన్' కాలిపోయి ఏడుగురు చనిపోయారు. వారిలో ఆరుగురు పిల్లలు. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో 'హాంటెడ్ కాజిల్' అనే భూత్ బంగ్లాలో మంటలు రేగి, మీ వయసువాళ్లే ఎనిమిదిమంది చనిపోయారు. ఆ కోటను ట్రైలర్ పెట్టెలు ఒకదానికొకటి కలిపి కట్టారు. లోపల తేలిగ్గా మండే నురుగు రబ్బరు ఉంది. మంటలు ఆర్పే నీటి జల్లు ఏర్పాటు లేదు. పొగను చూసి కూడా అది ప్రదర్శనలో భాగమే అనుకున్నవాళ్లున్నారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. భూత్ బంగ్లా నైపుణ్యమంతా ఎక్కడుంది? దారి తెలియకుండా చేయడంలో. చీకటి, మలుపులు, అరుపులు, పొగ. అగ్నిప్రమాదంలో మనిషిని చంపేవీ అవే. ఈ ప్రమాదం తరువాత అమెరికా అగ్నిభద్రతా నియమాల్లో ఇటువంటి భవనాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. పొగ జాడ తెలియగానే దీపాలన్నీ వెలగాలి, గందరగోళపరిచే శబ్దాలు, దృశ్యాలు ఆగిపోవాలి, బయటికి దారి స్పష్టంగా కనిపించాలి. అంటే ప్రమాదం వచ్చిన క్షణంలో మాయాకోట తన మాయను తానే విప్పేసుకోవాలన్నమాట.

తలుపు గురించిన పాఠం అంతకుముందే ఒకటి ఉంది. 1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరోక్వా థియేటరు మంటల్లో సుమారు 600 మంది మరణించారు. కొన్ని తలుపులకు గడియలు వేసి ఉన్నాయి. కొన్ని లోపలికి మాత్రమే తెరుచుకుంటాయి. లోపలికి తెరుచుకునే తలుపు మీద జనం ఒరిగితే ఏమవుతుంది? ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా మూసుకుంటుంది. కార్ల్ ప్రింజ్లర్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి ఆ రోజు ఆ ఆటకు వెళ్లవలసినవాడు, వెళ్లలేకపోయాడు. ఆ దుర్ఘటన అతణ్ణి కదిలించింది. మరొకరి సాయంతో అతను రూపొందించిన సాధనమే తలుపుకు అడ్డంగా ఉండే తోపుడు కడ్డీ. శరీరంతో తోస్తే చాలు, గడియ ఊడి తలుపు బయటికి తెరుచుకుంటుంది. నేటి సినిమా హాళ్లలో, మాల్స్‌లో మీరు చూసేది అదే.

మన దేశం సంగతి? 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది మరణించారు. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పిల్లలు ఆడుకునే గేమ్ జోన్ కాలిపోయి 25 మందికి పైగా చనిపోయారు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదు. 1938లో మొదలైన హైదరాబాద్ నుమాయిష్‌లో 2019 జనవరి 30న మంటలు చెలరేగి ఎన్నో దుకాణాలు కాలిపోయాయి. ఆరుబయటి మైదానం నుంచి జనం బయటపడగలిగారు, ప్రాణనష్టం జరగలేదు. ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్నకు జవాబు కనిపిస్తుంది.

హిజ్లీ: బంధించిన భవనం

మళ్లీ ఖరగ్‌పూర్ వద్దాం. ఊరి పక్కనే హిజ్లీ అనే చోట ఒక గంభీరమైన భవనం ఉంది. మధ్యలో ఎత్తైన గోపురం, బారులు తీరిన గదులు, పొడవాటి వరండాలు. భయానక చిత్రం తీయాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కాని దాని కథలో దెయ్యం లేదు. కొత్త జిల్లా కార్యాలయాల కోసం కట్టిన ఆ భవనాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1930లో స్వాతంత్ర్య యోధుల నిర్బంధ శిబిరంగా మార్చింది.

అక్కడి యువకులలో చాలామందిపై విచారణ జరగలేదు. శిక్షాకాలం నిర్ణయించలేదు. జైలులో ఖైదీ రోజులు లెక్కపెట్టుకోగలడు. వీరికి ఆ లెక్క కూడా లేదు. ఎప్పుడు బయటికి వెళ్తామో తెలియదు. భూత్ బంగ్లాలో అయిదు నిమిషాల భయం మనకు నవ్వు తెప్పిస్తుంది, ఎందుకంటే ఆరో నిమిషం ఎక్కడ ఉంటామో మనకు తెలుసు. హిజ్లీలో లేనిది ఆ ఆరో నిమిషమే.

1931 సెప్టెంబరు 16న పోలీసులు ఆ నిర్బంధితుల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతిక కాయాలను తీసుకువెళ్లడానికి సుభాష్ చంద్రబోస్ స్వయంగా హిజ్లీకి వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ కలకత్తాలో బహిరంగ సభలో నిరసన తెలిపారు. ఆయుధాలు లేని బందీలను కాల్చడం దేశాన్ని కదిలించింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ భవనాన్ని ఏం చేయాలి? కూల్చవచ్చు. భయపడి వదిలేయవచ్చు. మన దేశం మూడో పని చేసింది. 1951లో మొదటి ఐఐటి తరగతులు ఆ భవనంలో మొదలయ్యాయి. 1956లో జరిగిన తొలి స్నాతకోత్సవంలో జవహర్‌లాల్ నెహ్రూ ఈ మార్పునే గుర్తుచేశారు. అమరుల పేరున దానిని షహీద్ భవన్ అంటారు. 1990లో అక్కడ నెహ్రూ విజ్ఞాన సాంకేతిక మ్యూజియం ఏర్పడింది. ఒకప్పుడు యువకులను బంధించిన గదులకు ఇప్పుడు విద్యార్థులు సరదాగా వచ్చి, యంత్రాలు చూసి, సాయంత్రానికి ఇంటికి వెళ్తున్నారు. గోడలు అవే. తలుపుల సంగతి మారింది.

బేగున్‌కోదర్‌లో పుకారు, షికాగోలో గడియ, హిజ్లీలో అధికారం. మనుషులను బంధించినవి ఇవి. మూడూ మనుషులు చేసినవే కాబట్టి మనుషులు మార్చగలిగారు. వచ్చేసారి భూత్ బంగ్లాకు వెళ్తే హాయిగా భయపడండి. కాని లోపలికి అడుగుపెట్టే ముందు ఒక్క మాట అడగండి: "బయటికి దారి ఎటు?" జవాబు చెప్పలేనివారి దగ్గర టికెట్టు కొనకండి.

చేసి చూడండి

ఒక గాజుపలకను బల్ల మీద నిలబెట్టండి. అంచులకు టేపు అంటించడం మరువకండి. దానికి ముందు ఒక చిన్న బొమ్మను, వెనుక అంతే దూరంలో ఒక ఖాళీ గ్లాసును పెట్టండి. గదిలో దీపాలు ఆర్పి, బొమ్మ మీద మాత్రమే టార్చి వేయండి. గ్లాసులో ఏం కనిపించింది? టార్చిని గ్లాసు వైపు తిప్పితే ఏమైంది?

ఆలోచించండి

1. మాయాలాంతరు తెరకు దూరమయ్యే కొద్దీ బొమ్మ పెద్దదవుతుంది. మరి దాని వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?

2. మీ పాఠశాల లేదా కళాశాల తలుపులు ఎటు తెరుచుకుంటాయి? మంటలు వస్తే మీ తరగతి నుంచి బయటికి వెళ్లడానికి ఎన్ని దారులు ఉన్నాయి?

3. మీ ప్రాంతంలో 'దెయ్యాల చోటు' అని పేరుపడ్డ స్థలం ఏదైనా ఉందా? ఆ పేరు వల్ల ఎవరికి నష్టం, ఎవరికి లాభం?