ఎలగందల సీమలో ఏలుబడి భాషలు

ఇంగ్లీషునే అధికార భాషగా చేసుకుంటే ఏం పోతుందన్న మాట ఇప్పుడు చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో గట్టిగానే వినబడుతోంది. పిల్లల చదువు ఇంగ్లీషులో, కొలువు ఇంగ్లీషులో, హైకోర్టు ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఒక్క తహసీల్దారు ఆఫీసు మాత్రం తెలుగులో ఎందుకని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఒకప్పుడు ఎలగందల జిల్లాలో ఉండేవి. 1905లో జిల్లా కరీంనగర్ అయింది, 2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి. జిల్లాల పేర్లకంటే ఎక్కువసార్లు ఈ నేలమీద ఏలుబడి భాష మారింది. జనానికి రాని భాషలో ప్రభుత్వం నడిస్తే ఏమవుతుందో ఈ ఊళ్ళకు అనుభవంమీద తెలుసు.

అందుబాటులో ఉన్న పాత సాక్ష్యం రాతిమీదే ఉంది. గంగాధర దగ్గర కురిక్యాల, ఆ పక్కన బొమ్మలగుట్ట. వేములవాడ చాళుక్యుల కాలంలో, సుమారు క్రీ.శ. 945లో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ ఒక శాసనం చెక్కించాడు. పంపడు కన్నడానికి ఆదికవి, రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నవాడు. తమ్ముడు శాసనాన్ని సంస్కృతంలో, కన్నడంలో రాయించి ఊరుకోలేదు, తెలుగులో మూడు కంద పద్యాలు కూడా వేయించాడు. తెలుగులో దొరికిన తొలి కందాలు అవేనంటారు. ఆస్థానం కన్నడానిది, పాండిత్యం సంస్కృతానిది, గుట్ట చుట్టూ బతికే జనం తెలుగువాళ్ళు. ముగ్గురికీ చేరాలనే మూడు భాషలూ పెట్టాడని నేననుకుంటాను. ఏలేవాడికి ఏ భాష ఇష్టమైనా, చెప్పవలసిన మాట వినేవాడి భాషలో ఉండాలన్న ఇంగితం వెయ్యేళ్ళ కిందటే ఇక్కడ ఉంది.

కాకతీయుల నాటికి తెలుగు శాసనాలు విరివిగా వచ్చాయి. కుతుబ్‌షాహీలు పారసీకంలో ఫర్మానా రాయించి, దాంతోపాటే తెలుగులోనూ రాయించేవారు. 1687లో గోలకొండ మొగలాయీల చేతికి పోయింది, తర్వాత ఆసఫ్‌జాహీలు వచ్చారు, దివాణం పారసీకానిదే అయింది. ధర్మపురిలో శేషప్ప కవి నరసింహ శతకం చెప్తే జనం నోటికి పట్టుకున్నారు కానీ, ఆ జనమే తహసీలుకు పోతే వాళ్ళ భాషకు అక్కడ చోటు లేదు.

1884 ప్రాంతంలో, రెండో సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, హైదరాబాదు ప్రభుత్వం పారసీకాన్ని పక్కకు పెట్టి ఉర్దూను అధికార భాషగా తెచ్చుకుంది. ఆ పనికి చెప్పుకున్న కారణాలు ఇవాళ ఇంగ్లీషుకు చెప్పే కారణాలకు చాలా దగ్గరగా ఉంటాయి. సంస్థానంలో తెలుగువాళ్ళున్నారు, మరాఠీలున్నారు, కన్నడిగులున్నారు, అందరినీ కలిపే భాష ఒకటి కావాలి. కొత్త చట్టాలు, కొత్త పాలన నడపడానికి బలమైన భాష కావాలి. చదువుకుంటే ఎవరైనా నేర్చుకోవచ్చు కదా అన్నారు. సంస్థాన జనంలో దాదాపు సగం తెలుగువాళ్ళు, ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్ళు నూటికి పదీ పన్నెండు మంది. ఉత్తరాది నుంచి వచ్చిన ఉద్యోగులకు, పట్నంలో చదువుకున్న కొన్ని కుటుంబాలకు కొలువులు దక్కాయి. జగిత్యాల రైతుకు దక్కింది మాత్రం తాను చదవలేని కాగితం.

ఆ కాగితాన్ని ఒకసారి విప్పి చూడాలి. ఈ ప్రాంతంలో పాత ఇళ్ళ సందూకుల్లో ఇంకా కనబడుతుంది. పైన సర్కారు ముద్ర. కింద కొక్కిరి గీతల్లా పరుగెత్తే ఉర్దూ రాత. తేదీ ఫసలీ శకంలో, నెల ఖుర్దాదో అమర్దాదో. మనకు తెలిసిన సంవత్సరం కావాలంటే దానికి నెలనుబట్టి 590 గానీ 591 గానీ కలుపుకోవాలి. పొలం హద్దులు నాలుగు, పైకం ఇంత, సాక్షులు ఇద్దరు. అన్నిటికంటే కింద నల్లని బొటనవేలి ముద్ర, దాని పక్కన అది ఎవరి నిశానో చెప్తూ మరొకరి చేతిరాత. ముద్ర వేసిన మనిషికి ఆ కాగితంలో తనదని తెలిసింది ఆ వేలిముద్ర ఒక్కటే. మిగతాదంతా పట్వారీ చెప్పిందే, అర్జీలు రాసేవాడు చదివి వినిపించిందే. నమ్మినవాడు బాగుపడ్డాడా చెడిపోయాడా అన్నది చదివి చెప్పినవాడి ధర్మంమీద ఆధారపడింది. తెలంగాణలో భూమి ఎట్లా చేతులు మారిందో రాసినవాళ్ళు వెట్టి గురించీ, దొరల జులుం గురించీ చాలా రాశారు. ఈ చదవలేనితనం గురించి అంతే గట్టిగా రాయవలసింది. ఇవాళ్టికీ భూమి పంచాయతీ వస్తే సేత్వార్ అనే పాత భూమి రికార్డు చదవడానికి ఉర్దూ వచ్చిన పెద్దమనిషి కోసం తిరుగుతారు. తాత అమ్మాడో కౌలుకిచ్చాడో మనవడికి ఇంకొకరు చెప్పాలి.

ఉర్దూ మీద ద్వేషంతో ఇది రాయడం లేదు. జగిత్యాల, కోరుట్ల బజార్లలో ఉర్దూ ఇంటిభాషగా బతుకుతోంది, తెలంగాణ తెలుగులో సగం సొగసు దాని పొరుగు వల్ల వచ్చిందే. పైగా ఉర్దూ ఒక గొప్ప పని చేసి చూపించింది. 1917 ఫర్మానాతో పునాది పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లీషు దేశాన్నేలుతున్న రోజుల్లోనే వైద్యం, ఇంజనీరింగు దాకా ఒక దేశభాషలో బోధించింది. అనువాదాలకు ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. పెద్ద చదువు దేశభాషల్లో సాధ్యం కాదనేవాళ్ళకు అంతకంటే గట్టి జవాబు లేదు. కానీ ఆ విశ్వవిద్యాలయంలోకి పోవాలంటే తెలుగు పిల్లవాడు ముందు తన భాషను గడప బయట విడిచి రావాలి. మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల పెడితే దానికి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడుపుకోవలసి వచ్చింది. హైదరాబాదులో తెలుగు చదువుకు పూనా నుంచి పట్టా తెచ్చుకున్న కాలమది.

సిరిసిల్ల పక్కనే హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి (సినారె) ఉర్దూ మాధ్యమంలోనే చదివారు, సిరిసిల్లలో, కరీంనగర్‌లో, ఆపైన బి.ఏ. దాకా. ఆయన తెలుగు గజళ్ళకు ఆ ఉర్దూ ఊపిరి పోసింది. తెలుగు ఎం.ఏ. చేసి, పాఠాలు చెప్పి, 1988కి గాను జ్ఞానపీఠం అందుకున్నారు. పరభాషలో చదువు మనిషిని చంపదనడానికి సినారెను చూపించవచ్చు. చూపించేవాళ్ళు ఇంకో లెక్క కూడా వేయాలి. ఆయనతోపాటు ఆ ఊళ్ళో పుట్టిన పిల్లల్లో కరీంనగర్ హైస్కూలు దాకా వెళ్ళినవాళ్ళు ఎందరు? భాషను దాటి వచ్చిన ఒకరిని మనం గుర్తుపెట్టుకున్నాం. దాటలేక మగ్గం గుంటలోకో, పొలంలోకో పోయినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఈ పరభాషా ఏలుబడిమీద తిరుగుబాటు ఒక అవమానంతో మొదలైంది. 1921 నవంబరులో హైదరాబాదులో వివేకవర్ధని పాఠశాల ఆవరణలో, పూనాలో మహిళా విశ్వవిద్యాలయం పెట్టిన కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే చప్పట్లు చరిచి గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మం, 1935లో నాలుగో మహాసభ సిరిసిల్లలో, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలని గస్తీ నిషాన్ 53 అనే నిజాం ఉత్తర్వు శాసించిన రోజుల్లో ఒక తాలూకా ఊరు సంస్థానం నలుమూలల నుంచి తెలుగువాళ్ళను పిలిచి కూర్చోబెట్టింది. సిరిసిల్ల అంటే ఇప్పుడు సాంచాల చప్పుడూ బతుకమ్మ చీరలూ గుర్తుకొస్తాయి. భాష కోసం అది చేసిన ఈ పని ఊళ్ళో పిల్లలకు ఎవరు చెప్తున్నారో నాకు తెలియదు, చెప్పి తీరాలి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిశాక ఉర్దూ దిగిపోయింది. ఆ కుర్చీలో తెలుగు కూర్చుంటుందనుకున్నారు, ఇంగ్లీషు కూర్చుంది. ఉస్మానియా పాఠాలు ఇంగ్లీషులోకి మారిపోయాయి. రాజ్యాంగం దేవనాగరి లిపిలోని హిందీని కేంద్రం అధికార భాషగా పెట్టి, ఇంగ్లీషుకు 15 ఏళ్ళ గడువిచ్చింది. 1963 చట్టం, దానికి 1967 సవరణ ఆ గడువును ఎత్తేశాయి. రాష్ట్రాలు తమ భాష ఎంచుకోవచ్చని 345వ అధికరణం అంటుంది. దాన్ని పట్టుకునే 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు విద్యామంత్రి పి.వి. నరసింహారావు, పాత కరీంనగర్ జిల్లాకే చెందిన మంథని శాసనసభ్యుడు. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య మొదటి అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడింది, తర్వాత దానికి సినారె కూడా అధ్యక్షులయ్యారు. తాలూకా స్థాయిలో తెలుగు అంతో ఇంతో దిగింది. పొలం లెక్కల పహాణీ తెలుగులో వచ్చింది, దరఖాస్తు తెలుగులో తీసుకున్నారు. సచివాలయం మాత్రం ఇంగ్లీషు జీవోలను వదల్లేదు. 2017లో ప్రపంచ తెలుగు మహాసభలు పెట్టుకున్నాం, ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసుకున్నాం, ఆ మరుసటేడు బడుల్లో తెలుగును తప్పనిసరి చేశాం. ఉత్తర్వులు మాత్రం ఇంగ్లీషులోనే పుడుతున్నాయి.

ఇంగ్లీషు కావాలనేవాళ్ళలో నేను తలవంచి వినేది కంచ ఐలయ్య లాంటివాళ్ళ వాదన. పెద్దకులాల పిల్లలు ఇంగ్లీషు చదివి పైకి పోతుంటే పేద పిల్లలకు మాత్రం మాతృభాష గొప్పదని బోధించడం అన్యాయం అంటారు. కాదనలేను. 2008లో సక్సెస్ స్కూళ్ళ పేరుతో ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం పెట్టినా, 2022 నుంచి తెలంగాణ సర్కారు బడులన్నిటికీ దాన్ని తెచ్చినా తల్లిదండ్రులు సంతోషించారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక పక్క తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు వేసిన పాఠ్యపుస్తకాలు మంచి ఆలోచన, పంతులుకూ పిల్లవాడికీ ఊతం. ఇంగ్లీషు ప్రతి బిడ్డకూ రావాలి, బాగా రావాలి. అది ఆ బిడ్డ హక్కు. కానీ బిడ్డకు ఇంగ్లీషు నేర్పడం వేరు, ఇంగ్లీషు రాని తల్లితో ప్రభుత్వం ఇంగ్లీషులో మాట్లాడటం వేరు. ఈ రెంటినీ కలిపేయడమే ఇప్పటి గందరగోళానికి మూలం.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ వలస గురించి ఒక నానుడి ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఊళ్ళ నుంచి గల్ఫ్ పోయిన మగవాళ్ళు లేని వాడలు తక్కువ. వాళ్ళు సంతకం చేసే అగ్రిమెంటు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఏజెంటు చెప్పిన పని ఒకటి, దిగాక చేయించే పని ఇంకొకటి, చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి. ఇంగ్లీషు వచ్చి ఉంటే ఆ మనిషి మోసపోయేవాడు కాదు అంటారు, నిజమే. కోరుట్ల మనిషి రియాద్ చట్టాన్ని మార్చలేడు, అక్కడి భాష కొంతైనా నేర్చుకోవలసిందే. తన సొంత ఊరి ఆఫీసులో కూడా అతను పరదేశిలా నిలబడాలా?

ఇంగ్లీషును ఎన్నుకున్న దేశాలు లేకపోలేదు. నమీబియా 1990లో స్వాతంత్ర్యం రాగానే ఇంగ్లీషును ఏకైక అధికార భాష చేసుకుంది. వర్ణవివక్ష పాలన ఆఫ్రికాన్స్‌ను నెత్తిన రుద్దిన బాధ దానికి ఒక కారణం, ఆ బాధ అర్థమవుతుంది. కానీ అక్కడ ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళు చాలా కొద్దిమంది. సింగపూర్ పేరు ఎత్తేవాళ్ళు ఆ దేశం మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు నాలుగింటినీ అధికార భాషలుగా ఉంచుకుందని మరిచిపోతారు. మనదేశంలోనే నాగాలాండ్ ఇంగ్లీషును పెట్టుకుంది. పదుల భాషలున్న చిన్న రాష్ట్రంలో ఏ ఒక్కటీ మిగతావాటిని మింగకూడదన్న ఆలోచన అది. తెలుగు మాట్లాడేవాళ్ళే అత్యధికులైన తెలంగాణకు ఆ అవసరం లేదు.

శాస్త్రం సంగతి అడుగుతారు. జగిత్యాల దగ్గర పొలాస పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్తల పత్రాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, ఉండాలి కూడా. అక్కడ పుట్టిన వరి రకాలు పొలాస ప్రభ, జగిత్యాల సన్నాలు, మానేరు సోన. రైతు ఆ పేర్లతోనే విత్తనం అడిగి తీసుకుపోతాడు. పరిశోధన ఏ భాషలో జరిగినా, ఫలితం రైతుకు అతని భాషలో అందించే బాధ్యతను ఆ కేంద్రం తన మీద వేసుకుంది. దఫ్తరు కూడా ఆ బాధ్యత మోయవచ్చు.

అన్నిటికంటే వెనకబడ్డది న్యాయస్థానం. జిల్లా కోర్టులో సాక్షి తెలుగులో చెప్తాడు, తీర్పు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తుంది. గెలిచాడో ఓడాడో వకీలు చెప్తేనే తెలియాలి. 348వ అధికరణం హైకోర్టుకు ఇంగ్లీషునే పెట్టింది, అయితే రాష్ట్రపతి సమ్మతితో గవర్నరు రాష్ట్ర భాషకు అనుమతి ఇవ్వవచ్చని కూడా చెప్పింది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ ఆ దారిలో హిందీకి చోటు తెచ్చుకున్నాయి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో న్యాయమూర్తులు పి. నవీన్‌రావు, నగేశ్ భీమపాక ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు రాశారు, దాంతోపాటు ఇంగ్లీషు ప్రతీ ఇచ్చారు. కక్షిదారు తన తీర్పు తాను చదువుకోగలిగాడు. అక్కడ సాధ్యమైనది జగిత్యాలలో, సిరిసిల్లలో ఎందుకు కాకూడదు? కింది కోర్టుల్లో తెలుగు తీర్పులకు కావలసిన టైపిస్టులను, అనువాదకులను, న్యాయ పదకోశాలను రాష్ట్రమే సమకూర్చాలి. ఉర్దూలో అడిగినవారికి ఉర్దూలో ఇవ్వాలి. పాత సేత్వార్లను తెలుగులోకి మార్పించి, ధ్రువీకరించిన నకళ్ళు తహసీల్దారు ఆఫీసులోనే దొరికేటట్టు చేయాలి. ఆ ఉర్దూ రాత చదవగలిగిన పెద్దవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, కాబట్టి ఈ పని ముందు మొదలు కావాలి.