కడుపున మోసిన వాగుకప్ప

కప్పల శాస్త్రచరిత్రలో కనుమరుగు కావడమన్న మాటకు రెండర్థాలున్నాయి: జీవి ఎక్కడో బతికే ఉన్నా మనిషి కంట పడకపోవడం ఒకటి, ఎంత వెదికినా దొరకని విధంగా అంతరించిపోవడం మరొకటి. మొదటిదానికి తెలుగునేలతో దూరపు చుట్టరికం ఉంది. 1840ల తొలినాళ్లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉంటూ యానాదులను అడిగి అక్కడి జంతువుల సంగతులు తెలుసుకున్న టి.సి. జెర్డన్, 1870లో డార్జిలింగ్ ప్రాంతంలో ఒక చెట్టుకప్పను సేకరించగా, దానికి 1876లో జంతుశాస్త్రజ్ఞుడు గుంథర్ ఆయన పేరే పెట్టాడు. ఆ తరవాత అది మ్యూజియం సీసాలో తప్ప కనిపించలేదు. సుమారు 137 ఏళ్లకు ఎస్.డి. బిజు బృందానికి ఈశాన్య భారతంలోని చెట్టు తొర్రల్లో మళ్లీ దొరికిందన్న వార్త 2016లో వెలువడింది. వెదికే కన్ను అటు పోలేదు గనుక పోయిందనుకున్న కప్ప అది.

రెండో అర్థానికి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ వర్షారణ్యాలు, అంటే ఏడాదిలో ఎక్కువకాలం తడిసి ఉండే దట్టమైన అడవులు, సాక్ష్యం. అక్కడి కానొండేల్ కొండల వాగుల్లో, రాళ్ల సందుల్లో నక్కి, దాదాపు పూర్తిగా నీటినే నమ్ముకుని బతికే చిన్న కప్పను 1973లో డేవిడ్ లీమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఆడకప్ప రెండంగుళాలకు అటూఇటూ ఉండేది. ఫలదీకరణం చెందిన గుడ్లనో, అప్పుడే వాటి నుంచి వెలువడిన తోకకప్పలనో (నీటిలో తోకతో ఈదే పిల్లదశను తోకకప్ప అంటారు) తల్లి మింగి, ఆరేడు వారాలు ఏమీ తినకుండా జీర్ణాశయంలోనే పెంచి, రూపం దాల్చిన పిల్లకప్పలను నోటి ద్వారా బయటికి వదిలేది. పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులు అణగిపోతే చర్మంతోనే శ్వాసించేది. తిన్నదాన్ని కరిగించవలసిన ఆమ్లం పిల్లలను కరిగించకపోవడానికి కారణం ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనమనీ, అది ఆమ్లం ఊరడాన్ని ఆపుతుందనీ అడిలైడ్‌లో మైక్ టైలర్, ఆయన సహచరులు గుర్తించారు. కడుపుపుండ్ల వైద్యానికి ఇది దారి చూపుతుందన్న ఆశ పుట్టింది గానీ, పరీక్షించడానికి కప్పలే మిగలలేదు. 1981 తరవాత వాగుల్లో ఒక్కటీ కనిపించలేదు. బంధనంలో ఉన్న చివరిది 1983 నవంబరులో చనిపోయింది. 1984లో యూంగెల్లా ప్రాంతంలో బయటపడిన దీని సోదర జాతి 1985 మార్చి నాటికే మాయమైంది.

తొలుత కలప నరకడాన్నీ, కరవునూ అనుమానించారు. యూంగెల్లా రక్షిత జాతీయవనం కావడంతో ఆ వాదం నిలవలేదు. 1998లో బయటపడిన కైట్రిడ్ శిలీంధ్రం, అంటే నీటిలో ఈదే బీజాలతో వ్యాపించే ఒక సూక్ష్మమైన బూజు, ఈ చిక్కుముడిని చాలావరకు విప్పింది. కప్ప చర్మమే దానికి నీటినీ లవణాలనూ అదుపు చేసే అవయవం కాబట్టి, ఆ చర్మం చెడితే రక్తంలోని లవణాలు తగ్గి గుండె ఆగిపోతుంది. చల్లని కొండవాగు ఈ బూజుకు అనువైన చోటు, అక్కడే తిరిగే కప్పకు తప్పించుకునే దారి లేదు. ఆగ్నేయ క్వీన్స్‌ల్యాండ్‌లో 1978 నాటి నమూనాల్లోనే దీని జాడ ఉంది. దీని పుట్టుక తూర్పు ఆసియాలోనని 2018 నాటి జన్యుపరిశోధన సూచించింది. పడమటి కనుమల్లోనూ ఇది ఉన్నా, క్వీన్స్‌ల్యాండ్‌లో జరిగినలాంటి పతనం అక్కడ నమోదు కాకపోవడానికి ఆసియా కప్పలకు ఈ బూజుతో ఉన్న పాత సహవాసమే కారణమై ఉండవచ్చునన్న ఆలోచన సబబుగానే తోస్తుంది.

న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మైక్ ఆర్చర్ బృందం, అంతరించిన ఈ వాగుకప్పను మళ్లీ పుట్టించాలని, దశాబ్దాలుగా ఫ్రీజర్‌లో నిలవ ఉన్న దాని కణజాలంలోని కేంద్రకాలను వేరొక కప్పజాతి గుడ్లలోకి ఎక్కించి, పిండాలు విభజన చెందాయని 2013లో ప్రకటించింది. అవి కొద్ది రోజులే బతికాయి. ఒక్కటీ తోకకప్ప కాలేదు.