యోబు గ్రంథం: క్రైస్తవ వ్యాఖ్యాన చరిత్ర

నీతిమంతుడికి కష్టాలెందుకన్న ప్రశ్నను సూటిగా ఎత్తుకున్న పాత నిబంధన గ్రంథం యోబు. ఇందులో 42 అధ్యాయాలున్నాయి. మొదటి రెండు అధ్యాయాలు, చివరి కాస్త భాగం గద్యం. నడుమ ఉన్నదంతా దాదాపు పద్యమే. గద్యంలోని యోబు ఓర్పుగలవాడు. ఆస్తి పోయినా, పదిమంది బిడ్డలు ఒక్కరోజే చనిపోయినా దేవుణ్ణి పల్లెత్తు మాట అనడు. పద్యంలోని యోబు తాను పుట్టిన రోజును శపిస్తాడు, దేవుడితోనే వ్యాజ్యమాడతానంటాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నదే వ్యాఖ్యాతలను వేధించిన చిక్కు.

కథకు మూలం పరలోక సభలో పడిన పందెం. హీబ్రూలో ‘సాతాను’ అక్కడింకా ఒకరి పేరు కాదు, నేరం మోపేవాడి హోదా. తెలుగు బైబిలులోని ‘అపవాది’ ఆ అర్థానికి దగ్గరగానే ఉంది. వసిష్ఠ విశ్వామిత్రుల పంతంతో మొదలయ్యే హరిశ్చంద్రుడి కథ ఎరిగినవారికి ఈ ఎత్తుగడ కొత్తేమీ కాదు. అయితే అక్కడ పరీక్ష సత్యవ్రతానికి. ఇక్కడ, ప్రతిఫలం లేకపోతే భక్తి నిలుస్తుందా అన్నదానికి.

పరామర్శకు వచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరుల వాదం ఒకటే: బాధ వచ్చిందంటే పాపం ఉన్నట్టే. చివర్లో దేవుడి కోపం వారిమీదికే మళ్లుతుంది. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పాపులు కారని యేసు కూడా చెప్పాడు. అయినా కొత్త నిబంధనలో యాకోబు పత్రిక తలచుకున్నది యోబు సహనాన్నే. తర్వాతి బోధకులకు అదే ఒరవడి అయింది.

6వ శతాబ్దం చివర కాన్‌స్టాంటినోపుల్‌లో పోపు రాయబారిగా ఉన్న గ్రెగొరీ, తోటి సన్యాసులకు ఈ గ్రంథాన్ని వివరించడం మొదలుపెట్టాడు. తర్వాత తానే పోపు అయ్యాడు. అనారోగ్యంతో బాధపడుతూనే పూర్తిచేసిన ఆ వ్యాఖ్య 35 భాగాలయింది. అందులో యోబు క్రీస్తుకూ సంఘానికీ ఛాయ, మిత్రులు అబద్ధ బోధకులకు. యోబు పరుష వాక్యాల పదును ఈ ప్రతీకల కింద చాలావరకు మరుగునపడింది. 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్, గ్రెగొరీ తర్వాత గూఢార్థాల్లో చేర్చడానికేమీ లేదంటూ అక్షరార్థం పట్టుకున్నాడు. ఆయన దృష్టిలో ఇది దైవపాలన గురించిన శాస్త్రచర్చ. న్యాయం ఈ జన్మతో ముగియదన్నది యోబు పక్షం. 1554–55లో జెనీవాలో దీనిమీద 159 ప్రసంగాలు చేసిన సంస్కర్త కాల్విన్ తీర్పు మరీ చమత్కారమైనది: యోబుది మంచి వ్యాజ్యం, వాదించిన తీరు చెడ్డది, మిత్రులది చెడ్డ వ్యాజ్యం, వాదన మాత్రం బాగుంది.

అలాగని ఫిర్యాదు చేసే యోబు గొంతు పూర్తిగా మూగబోలేదు. మధ్యయుగాల రోమన్ సంఘంలో మృతుల కోసం జరిపే వేకువ ప్రార్థనలోని తొమ్మిది పాఠాలూ ఈ గ్రంథం నుంచి తీసినవే, అవీ ఎక్కువగా మొరపెట్టుకునే భాగాలు. వేదిక మీద ఓర్పును బోధించిన సంఘం, శవం పక్కన మాత్రం మొరనే చదివింది. వ్యాఖ్యాన గ్రంథాలన్నిటికంటే ఇదే నిజాయితీగల పఠనమనిపిస్తుంది.

ఇదే ప్రశ్నకు జవాబుగా, సాధ్యమైన లోకాలన్నిటిలో ఇదే ఉత్తమమని తత్వవేత్త లైబ్నిజ్ 1710లో వాదించాడు. 1755 నవంబరు 1న, సర్వ పరిశుద్ధుల పండుగనాడు, చర్చీలు నిండివున్న వేళ లిస్బన్‌లో భూకంపం వచ్చింది. ఆ తర్వాత దేవుడి తరఫు వకాల్తా అంత తేలిక కాలేదు. 1791లో తత్వవేత్త కాంట్ అలాంటి వాదాలన్నీ విఫలమయ్యాయని తేల్చి, మిత్రుల ముఖస్తుతి కంటే యోబు నిష్కపటమే మేలన్నాడు. పెరూ మతగురువు గుస్తావో గుతియెరెజ్ 1986లో మరో అడుగు వేశాడు. తన బాధ దగ్గర మొదలైన యోబు పేదలందరి బాధను చూడగలగడమే ఆయనకు ఈ గ్రంథంలోని మలుపు. న్యాయం కావాలి, కానీ దేవుడి కృప న్యాయపు లెక్కలో ఇమడదు.

తెలుగు సంఘాల్లో భూస్థాపన వేళ ఎక్కువగా వినిపించేది మొదటి అధ్యాయపు యోబే, ఇచ్చినవాడే తీసుకున్నాడన్న యోబు.

గ్రంథం చివర గొర్రెలు 7,000 నుంచి 14,000, ఒంటెలు 3,000 నుంచి 6,000 అవుతాయి. బిడ్డలు మాత్రం మళ్లీ పదిమందే పుడతారు. పందెం సంగతి యోబుకు ఎవరూ చెప్పరు.