“ఒంటికి పడదు” – ఆ మాట వెనుక కథ

పదవీ విరమణ వరకు నేను రక్తపరీక్షల విభాగంలో పనిచేశాను. వంకాయ పడదనీ, ఎండుచేపలు పడవనీ మన ఇళ్లలో అనుకోవడం మామూలే. అలా అన్నవారిని “ఉత్త చాదస్తం” అని కొట్టిపారేసేవారూ ఉంటారు. అది చాదస్తం కాదని సైన్సు ఎలా రుజువు చేసిందో మనవి చేస్తాను.

1921 నాటి మాట. అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో హైంజ్ కుస్ట్నర్ అనే వైద్యునికి వండిన చేప పడేది కాదు. ఆయన సీరమును సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మంలోకి ఎక్కించుకొని, మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకున్నారు. కొద్దిసేపట్లో అక్కడ దద్దురు లేచింది. అంటే ఈ బాధకు మూలం మనసులో లేదు, రక్తంలో ఉంది!

ఆ పదార్థమేమిటో తేలడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, మరుసటి ఏడు స్వీడన్‌లోని ఉప్సలలో జోహాన్సన్, బెన్నిక్‌లు విడివిడిగా దానిని పట్టుకున్నారు. 1968లో ఐజీఈ అనే పేరు స్థిరపడింది. మామూలు మనిషి రక్తంలో అది ఐజీజీ అనే ప్రతిరక్షకంలో పదివేలో వంతు కూడా ఉండదు. అయినా ఆ కాస్తే మాస్ట్ కణాలను అంటిపెట్టుకొని ఉంటుంది. పడని పదార్థం వచ్చి పక్కపక్కనున్న ఐజీఈలను కలిపిందా, కణం హిస్టమిన్‌ను కుమ్మరిస్తుంది. దురద, తుమ్ములు, ఆయాసం మొదలవుతాయి.

1975లో కోలర్, మిల్‌స్టీన్‌లు ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. అయితే అవి ఎలుకవి. రోగి ఐజీఈ ఆ పదార్థాన్ని ఏ చోట పట్టుకుంటుందో చెప్పాలంటే మనిషిదే కావాలి. ఇటీవలి సంవత్సరాలలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు, రోగులిచ్చిన రక్తంలో బహు అరుదుగా ఉండే కణాలను క్యాన్సర్ కణాలతో కలిపి, అసలు మానవ ఐజీఈలనే తయారుచేశారు. ఇంటిదుమ్ములోని సూక్ష్మ పురుగుల ప్రోటీన్‌ను అవి పట్టుకునే చోటు అలా తెలిసింది. ఆ చోటును మార్చగలిగితే, ప్రమాదం లేని అలర్జీ టీకాలకు దారి ఏర్పడుతుంది.

ఐజీఈనే పట్టి బంధించే ఒమాలిజుమాబ్ అనే మందుకు 2003లో అమెరికాలో ఉబ్బసానికి అనుమతి లభించింది.

మిత్రులారా, ఇంత చరిత్ర జరిగాక కూడా “నాకు ఫలానా మందు పడదు” అని డాక్టరుగారితో చెప్పడానికి మనలో చాలామంది మొహమాటపడతారు. పెన్సిలిన్ పడదని ముందుగా చెప్పి గండం తప్పించుకున్న సహోద్యోగిని నేనెరుగుదును. మీ వైద్యపు పుస్తకం మొదటి పేజీలో, మీకు పడని మందుల పేర్లు నేడే వ్రాయించండి. ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.