యానాం
యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకు చెందిన ఒక జిల్లా, గోదావరి తీరాన ఉన్న పట్టణం. విస్తీర్ణం సుమారు 30 చ.కి.మీ. కాకినాడకు సుమారు 30 కి.మీ. దూరంలో, గౌతమీ పాయ ఒడ్డున, ఆంధ్రప్రదేశ్ మధ్యలో ఉన్నది. 1986, 2022 వరదలలో ముంపునకు గురైనది.

18వ శతాబ్దంలో ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించినది. ఫ్రెంచి పాలనలోని యానాంకు అది వర్తించనందున, పరిసర జిల్లాలవారు పిల్లలను తీసుకువచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు జరిపించేవారు. అందువలన దీనికి కల్యాణపురం అను పేరు వచ్చినది. పేరు మంగళకరమే గాని, ఆ వధూవరులు అభం శుభం తెలియని పసివారు.

1954లో ఫ్రెంచి పాలన ముగిసినది. 1962లో విలీనం చట్టబద్ధమైనది. ఐరోపా శైలిలో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి ఆ కాలపు కట్టడాలలో ముఖ్యమైనది.