20 డిగ్రీల లెక్క: మన ఎండల్లో ఫిల్మ్ కడగడం

ఏ డెవలపర్ ప్యాకెట్ చూసినా 20 డిగ్రీలు అని ఉంటుంది. మే నెలలో మా చీమకుర్తిలో మేడ మీద ట్యాంకు నీళ్లు పట్టి చూడండి, చెయ్యి చుర్రుమంటుంది! ఆ 20 చలిదేశాల లెక్క. ఈ గొడవ ఇప్పటిది కాదు.

1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు జెలటిన్ పూసిన పొడి ప్లేటు పద్ధతి ప్రకటించాడు. అంతకుముందు కొలోడియన్ ప్లేటు తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే కడిగెయ్యాలి. అందుకని ఫొటోగ్రాఫర్ వెంట చీకటి డేరా కూడా వెళ్లేది. జెలటిన్ ఆ మోత తప్పించింది, కొత్త తలనొప్పి తెచ్చింది. వేడి నీళ్లు తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. అంచులు గాజు మీంచి లేచి చీర కుచ్చిళ్లలా ముడుచుకునేవి. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ నాటికి వాడకంలోకి వచ్చింది ఈ పొడి ప్లేట్లే. (ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివాడు, అంటే మన బ్యాచే!)

వేడి దేశాల్లో దీనికి మందులు కనిపెట్టారు. ఐసు పెట్టారు. జెలటిన్ గట్టిపడటానికి క్రోమ్ ఆలం, అంటే ఒక రకం పటిక, వాడారు. ఉబ్బకుండా డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలిపారు. కొడాక్ అయితే ఉష్ణదేశాల కోసం విడిగా ఫార్ములాలే ఇచ్చింది.

ఇప్పటి ఫిల్మ్ జెలటిన్ చాలా గట్టిది. అయినా చాలామంది డెవలపర్‌కి ఒక్కదానికే ఐసు పెట్టి, ఫిక్సర్ అయ్యాక నేరుగా కుళాయి కింద కడిగేస్తారు. చల్లటి నుంచి వేడికి ఒక్కసారిగా మారితే జెలటిన్ ఎండిన చెరువు మట్టిలా పగులుతుంది. ప్రింటు పోతే ఇంకోటి వేసుకుంటాం, నెగటివ్ పోతే ఆ పెళ్లి ఫొటో ఇక లేదు. కాబట్టి 24 డిగ్రీలే కుదిరితే 24లోనే చెయ్యండి. టైము చార్టు ప్రకారం తగ్గించండి, కడిగే నీళ్లతో సహా అన్నీ అదే వేడిలో ఉంచండి.

మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది చూడండి, అదే నెగటివ్ మీదా మరకవుతుంది. ఆఖరి ముంపు బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో, రెండు చుక్కలు వెట్టింగ్ ఏజెంట్ వేసి.

ఇక క్వారీ దుమ్ము. నల్లరాయిలో మెరిసే చుక్కలకే మన గెలాక్సీ గ్రానైట్‌కి రేటు. నెగటివ్ మీద దుమ్ము పడితే ప్రింటులోనూ తెల్ల చుక్కలే, వాటికి మాత్రం ఎవరూ డబ్బులివ్వరు. బాత్రూంలో షవర్ కాసేపు వదిలి, దుమ్ము అణిగాక, తలుపేసి అక్కడే ఆరెయ్యండి. ఫ్యాను వద్దు.