అవ్వ నేర్పిన పదమూడు ముక్కలు

మా ఇంట్లో పేక ముట్టుకోవాలంటే ముందు చింతపిక్కలు లెక్కపెట్టుకోవాలి. మనిషికి 50. పదేసి పాయింట్లకు ఒక పిక్క. పిక్కలు అయిపోయినవాళ్లు లేచి వంటింట్లో సాయం చెయ్యాలి, అప్పు పుట్టదు. ఈ చట్టం చేసింది మా అవ్వ. ఎందుకు చేసిందో మాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

మావాళ్లు నెల్లూరు వైపు నుంచి మైలాపూరుకు వచ్చి నాలుగు తరాలైంది. 1952లో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన బులుసు సాంబమూర్తిగారి ఇల్లు రాయపేట హైరోడ్డులోనే, మాకు నడిచి వెళ్లే దూరం. మరుసటేడు ఆంధ్ర రాష్ట్రం వచ్చాక తెలిసినవాళ్లు కొందరు సామాన్లు సర్దుకున్నారు. మావాళ్లు కదల్లేదు. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఆ ఇంటి తెలుగులో సగం వంటింట్లో ఉంటే, సగం ఎండాకాలం మధ్యాహ్నాలు చాప మీద పేకలో ఉండేది.

మేం పిల్లలం నేర్చుకున్న క్రమం ఇది. ముందు రంగులు: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. తర్వాత ఆసు, రాజు, రాణి, జాకీ. ఇవి తెలుగు మాటలే అనుకున్నాం. పక్కింటి తమిళ పిల్లలు కూడా ఆటీను, కిళావరు అంటుంటే మన మాటలే వాళ్లూ పట్టుకున్నారని కాస్త గర్వం కూడా. పెద్దయ్యాక తెలిసింది, హాలెండు వాళ్ల భాషలో హృదయం గుర్తు 'హార్టెన్', మూడాకుల గుర్తు 'క్లావర్', ఒంటి ముక్క 'ఆస్' అని. సింహళంలోనూ 'హారత', 'కలాబర' అంటారు. లంకను కూడా డచ్చివాళ్లు ఏలారు కదా. 1600ల మొదట్లో వాళ్లు మచిలీపట్నంలో వర్తకం పెట్టారు, 1613లో పులికాట్‌లో గెల్‌డ్రియా కోట కట్టారు. ఇస్పేటుది మరో దారిలా ఉంది, పోర్చుగీసులో కత్తిని 'ఎస్పాద' అంటారు. ఆ పోర్చుగీసులు 1520లలోనే మా పక్కనున్న శాంథోమ్‌లో దిగారు. ఓడల్లో వచ్చిన మాటలు చాపల మీదికి ఎలా చేరాయో గానీ, మా అవ్వ నోట అవి నెల్లూరు యాసలోనే పలికేవి.

ఆట మామూలు పదమూడు ముక్కలాటే. రెండు పేకలు కలిపి, మనిషికి 13 పంచి, ఒక ముక్క కోసి జోకరు పెట్టడం. మూసిన పేకలోంచో, ఎదుటివాళ్లు దించిన ముక్కల పైనుంచో ఒకటి తీసుకుని ఒకటి దించడం. జోకరు లేకుండా ఒకే రంగులో వరసగా మూడు ముక్కలు కలిస్తే దాన్ని 'రిజినల్' అంటాం. ఒరిజినల్ అనే మాట నాలిక మీద అరిగి అలా అయింది. అది లేనిదే ఎన్ని కలిసినా దండగే, ఎదుటివాళ్లు షో చేస్తే చేతిలో ముక్కలన్నీ లెక్కలోకి వస్తాయి, 80 దాకా.

అందరం మొదట చేసే తప్పు ఒకటే. రాజూ రాణీ చేతికొస్తే జాకీ వస్తాడని పట్టుకు కూర్చోవడం. "ఒరే అబ్బయా, ఆ రాజు నిన్ను మోస్తాడా, నువ్వు రాజుని మోస్తావా? పది పాయింట్లు, దించెయ్" అనేది అవ్వ. దించిన ముక్క చూడకుండా కిటికీ వైపు చూస్తే మోకాలి మీద ఒకటి తగిలేది. ఎవరు ఏది దించారు, ఎవరు ఏది ఎత్తుకున్నారు, గుర్తుండాలి. ఆఠీను ఏళ్లు రెండూ పడిపోయాక ఆరు, ఎనిమిది పట్టుకుని ఏడు కోసం కూర్చున్నవాణ్ణి చూసి ఆమె నవ్వే నవ్వు మాకింకా చెవుల్లో ఉంది.

అవ్వ చెప్పినదాన్నే సుప్రీంకోర్టు కూడా రాసింది. అది మన తెలుగు కేసే. 1963 మే నెలలో సికిందరాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నారని పోలీసులు దాడి చేశారు. హైదరాబాదు జూద చట్టం కింద మేజిస్ట్రేటు శిక్ష వేస్తే హైకోర్టు కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా ఇచ్చిన తీర్పులో ఉన్నది ఇదీ: మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది దించాలో తెలియాలి, కాబట్టి నేర్పే ప్రధానం. అయితే క్లబ్బువాళ్లు దాని మీద లాభం తీస్తే సంగతి వేరని కూడా అన్నారు. ఈ రెండో మాట జనం అంతగా పట్టించుకోరు.

మా తాత తమ్ముడు, మేం చిన్నతాత అనేవాళ్లం, కుటుంబంలో అందరికన్నా బాగా ఆడేవాడు. ఎవరి చేతిలో ఏముందో నాలుగు చుట్లలో చెప్పేసేవాడట. సాయంత్రాలు ఒక క్లబ్బుకి వెళ్లడం మొదలైంది. అక్కడ నేర్పున్నవాడు కాబట్టే లేవలేకపోయాడు. ఇంకొక్క ఆటలో రాబట్టగలనని ప్రతిసారీ నమ్మకం. చిన్నవ్వ గాజులు నాలుగూ తాకట్టుకు వెళ్లాయి, రెండే తిరిగొచ్చాయి. ఆ ఏడే ఇంట్లో చింతపిక్కలు వచ్చాయి. దాంతోపాటే ఇంకో పాఠం: ముక్కలు బాగా లేకపోతే మొదటే ఒప్పుకుని పేక మూసెయ్యి, 20తో పోతుంది. ఆడి మధ్యలో మూస్తే 40. పరువుకు పోతే 80. ఇక్కడి తమిళులు దీన్నే 'స్కూట్' అంటారు. షో చెయ్యడం మాకు వారంలో వచ్చింది. మూసెయ్యడం నేర్చుకోవడానికి రెండు ఎండాకాలాలు పట్టింది.

ఈ మధ్య మా దాయాదుల ఇంట్లో ఒక కుర్రాడు ఫోనులో ఆడి మూడు నెలల జీతం పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, బ్యాంకు నుంచి ఫోను వస్తే తెలిసింది. వాడికి ఆట రాదా అంటే వచ్చు, ఈ చాప మీదే నేర్చుకున్నాడు. ఫోనులో పిక్కలు అయిపోవడం అనేది లేదు. చట్టాలు ఈలోపు అటూ ఇటూ ఊగాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని జూదంలో చేర్చాయి. తమిళనాడు నిషేధాన్ని మద్రాసు హైకోర్టు 2021లో కొట్టేసింది. కొత్త చట్టం వచ్చాక 2023 నవంబరులో చట్టాన్ని నిలిపి, రమ్మీ, పోకర్ నేర్పున్న ఆటలే గనుక వాటి నిషేధం చెల్లదంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపింది. నేర్పా, అదృష్టమా అన్న తేడా అందులో లేదు. అవ్వ ఉంటే ఏమనేదో మరి.

వాణ్ణి మేమెవరం తిట్టలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చాప పరిచాం. మొదట రానన్నాడు. తర్వాత వాడే డబ్బా తెచ్చి పిక్కలు పంచాడు. రెండో ఆటలో ముక్కలు చూసుకుని, ఒక్కటీ ఎత్తకుండా బోర్లా పెట్టేసి, "నాకు 20 రాసుకోండి పెద్దమ్మా" అన్నాడు.